సైకిలు పంపు కాఫీ

ఆదిలాబాదు జిల్లాలో ఎస్ప్రెస్సో కాఫీ చేసిన మొదటి మనిషిని నేనే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. ఈ మధ్య మా మనవరాలు వంటింట్లో ఒక యంత్రం పెట్టింది. మీట నొక్కితే అది వేడినీళ్లను గట్టిగా నెట్టి, మెత్తటి పొడిలోంచి చిక్కటి కాఫీ దింపుతుంది. ఇంట్లో అందరూ నోరు తెరిచి చూశారు, నేను తప్ప. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలోనే, బొగ్గుగని బస్తీలో, ఇదే పని నేను సైకిలు పంపుతో చేశాను. గని ఆఫీసర్లు జీపుల్లో వచ్చి, వరుసకట్టి తాగి పోయారు.

అప్పట్లో నేను గని ఆఫీసులో గుమాస్తాను. కొత్తగా పెళ్లయింది. మాకు ఇచ్చింది ఒంటిగది. నీళ్లు కావాలంటే బస్తీ చివరి బావికి పోవాలి. నా భార్య రోజుకు ఎనిమిది బిందెలు మోసేది. నల్లా ఉన్న క్వార్టర్లు కొన్ని కట్టారు గానీ, అవి ఎవరికి ఇవ్వాలో తేల్చే ఆఫీసరు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. నా అర్జీ ఆయన బల్లమీది కాగితాల అడుగున ఎక్కడో ఉంది. వానాకాలం లోపల నల్లా ఉన్న ఇల్లు రాకపోతే హుస్నాబాద్‌లో పుట్టింటికి పోతానని నా భార్య చెప్పేసింది. ఆమె ఒకసారి చెప్పిందంటే చెప్పినట్టే.

ఆ ఆఫీసరుకు ఒకటే బాధ: ఈ ఊళ్లో మంచి కాఫీ దొరకదు. ఒకరోజు ఆఫీసులో పదిమంది ముందు ఆ సంగతే అంటుంటే నా నోరు ఊరుకోలేదు. మా ఇంట్లో రోజూ కాఫీయే సార్, బెజవాడ హోటళ్లు పనికిరావు అన్నాను.

"అలాగా? అయితే ఆదివారం పొద్దున మీ ఇంటికే వస్తానయ్యా" అన్నాడాయన.

నిజానికి మా వైపు వాళ్లకు చాయ్ తప్ప మరొకటి తెలియదు. అప్పటికి నేను కాఫీ తాగింది కాజీపేట స్టేషన్లో రెండుసార్లు. రెండోసారిది చాయ్ అయినా అయి ఉండొచ్చు. ఇంటికొచ్చి సంగతి చెబితే నా భార్య చీపురు పక్కన పెట్టి, "మనింట్ల కాఫీ ఎన్నడు కాసినం?" అంది. ఆమె తిట్టకుండా ఉన్నప్పుడే నాకు భయం.

మా పక్కగదిలో ఫిట్టరు కుటుంబం ఉండేది, మద్రాసు వైపు వాళ్లు. ఫిట్టరు భార్య దగ్గర ఇత్తడి ఫిల్టరు ఉంది. పై గిన్నెకు అడుగున సన్నటి బెజ్జాలు, దాంట్లో పొడి వేసి వేడినీళ్లు పోస్తే కింది గిన్నెలోకి డికాషన్ దిగుతుంది. ఆమె దాన్ని సంతోషంగా ఇచ్చి, ఎలా చెయ్యాలో చెప్పబోయింది. మాకు తెలుసులెమ్మని వచ్చేశాను. ఆమె పొడి కూడా ఇస్తానంది. వద్దన్నాను. తెలిసిన రైలు గార్డు చేత బెజవాడ నుంచి గింజలు తెప్పించాను.

నా భార్యది నేత ఇల్లు. పడుగుకు పట్టించే గంజి కోసం వాళ్లింట్లో పిండిని పలుచటి గుడ్డలో జల్లించేవారు. చిన్న పలుకు మిగిలినా పోగు తెగుతుందని వాళ్ల భయం. పొడి ఎంత మెత్తగా ఉంటే పనిమంతురాలికి అంత పేరు. ఆమె కాఫీ గింజలు వేయించి, ఇసుర్రాయిలో రెండుసార్లు విసిరి, అదే గుడ్డలో జల్లించింది. పొడి వేళ్లకు అంటితే విభూతిలా ఉంది. పైన మిగిలిన రవ్వను చేటలో పక్కకు నెట్టింది. నేను ఆ పొడి చూసి మురిసిపోయాను.

ఆదివారం తెల్లారగానే ఫిల్టరులో పొడి వేసి, మసలే నీళ్లు పోశాం. గంటయింది. కింద చుక్క లేదు. మెత్తటి పొడి బెజ్జాలన్నిటినీ మూసేసి బురదలా కూర్చుంది. అంతలో ఆఫీసరు రానే వచ్చాడు. బయట మంచం వాల్చి కూర్చోబెట్టి లోపలికి పరుగెత్తాను. అక్కడ మూలన నాకు సైకిలు పంపు కనిపించింది. పంపు గొట్టం పై గిన్నె మూతిలో దూర్చి, చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసి, నా భార్యను గట్టిగా పట్టుకోమన్నాను. రెండు కొట్టాను.

"లోపల ఏమిటయ్యా ఆ చప్పుడు?" అని బయటనుంచి అడిగాడాయన.

సైకిలుకు గాలి కొడుతున్నా సార్ అన్నాను. మూడోది కొట్టాను.

ఇక్కడ ఒప్పుకోవాలి. నా ఎస్ప్రెస్సో గోడమీదికి దిగింది. కొంత నా తెల్ల చొక్కామీదికి, కొంత ఆమె ముక్కుమీదికి. వరుసకట్టిన ఆఫీసర్లు అన్నాను గదా, వచ్చింది ఆయన ఒక్కడే, అదీ నడిచి వచ్చాడు.

అప్పుడే నా కన్ను చేటలోని రవ్వమీద పడింది. పొడి బెజ్జాలు మూస్తే రవ్వ మూయదు గదా. ఫిల్టరు కడిగి రవ్వ వేశాం. మసిలిన నీళ్లు ఒక నిమిషం ఆగి పోశాం. టప్ టప్‌మని చుక్కలు రాలడం మొదలైంది. మిగతాది ఆమెకు వదిలి, చొక్కా మార్చుకుని, బయట కూర్చుని ఆఫీసరుకు ఖానాపూర్ అడవిలో పులుల సంగతులు చెప్పాను. కాసేపటికి ఆమె గ్లాసు తెచ్చింది. ఆయన అడుగు దాకా తాగి, బెజవాడలో కూడా ఇలాంటిది తాగలేదన్నాడు. కాదు, అంతమాట అనలేదు. బాగుందమ్మా అన్నాడు. నెల తిరక్కముందే మాకు నల్లా ఉన్న క్వార్టరు వచ్చింది.

నా కాఫీ విద్యంతా ఆ రవ్వతో మొదలైంది. ఇంట్లో మంచి కాఫీ కావాలంటే పొడి ఫిల్టరుకు తగ్గట్టుండాలి, నీళ్లు కాస్త నెమ్మదించాలి, మనిషి తొందరపడకూడదు. ఆఫీసరు గ్లాసు ఖాళీ చేసిన ఆ రవ్వ కాఫీయే మాకు ఇల్లు తెచ్చిందని ఎంతోమందికి చెప్పాను.

ఇంతవరకు రాసి, నిన్న నా భార్యకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది.

"గా రవ్వ కాఫీ సారు తాగనే లేదు" అంది. "నువ్వు పులుల ముచ్చట వెట్టినప్పుడు ఎనుక నుంచి పోయి పక్కింటి అక్కను అడిగి ఒక గిలాస తెచ్చిన. సారుకు గదే ఇచ్చిన. రవ్వది నువ్వు తాగినవ్."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వెన్నడన్న అడిగితివా? నల్లా మనకచ్చింది. అక్క ఇంక రెండేండ్లు గా బాయి నీళ్లే మోసింది. గా ముచ్చట గూడ రాయి."