చెంబెడు నీళ్ళ మంత్రం

మొన్న ఆదివారం పొద్దున్న టెక్కలి హాస్టల్ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, "మావా, నా పిందె కాగితం ఏటైనా కనపడ్డాదా?" అంది. ఏడాదికోసారైనా అడుగుతుంది. నేనూ ఏడాదికోసారైనా "ఎక్కడ పడిపోయిందో ఏటోనమ్మా, సూత్తాను" అంటాను. చూడ్డానికి ఏముంది నా మొహం! ఆ కాగితం పలాసలో మా ఇంటి బీరువాలో, నా సర్వీసు కాగితాల ఫైల్లో, అన్నిటికంటే అడుగున ఉంది. ఆరేళ్ళ కిందట నా చేతుల్తో నేనే దాచాను. కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన లెక్కల మాస్టార్ని, మేనకోడలితో ఆరేళ్ళుగా అబద్ధమాడుతున్నాను.

పిందె అంటే ఒక ఆటలో పాత్ర. బొటనవేలంత ఉండే రెక్కల పిల్ల. ఆ ఏడు తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాక, బెంగుళూరులో ఉద్యోగం చేసే వాళ్ళ పెదనాన్న కొడుకు ఒక లావుపాటి పుస్తకమూ, ఇరవై ముఖాల పాచికా ఇచ్చి వెళ్ళాడు. బల్ల చుట్టూ కూర్చుని కథ ఆడుకోవాలట. ఒకరు కథ నడిపిస్తారు. తక్కినవాళ్ళు తలో పాత్రా తయారు చేసుకుని, దానికి బలమెంత, చురుకెంత, ఏ మంత్రాలొచ్చు అన్నది ఒక కాగితం మీద రాసుకుంటారు. కొట్టిన దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. "నువ్వు మాస్టారివి కదా మావా, కథ నువ్వే నడపాల" అని పుస్తకం నా ఒళ్ళో పడేసింది. అందరూ ఆజానుబాహువుల్ని తయారు చేసుకునే ఆటలో ఇది మాత్రం జీడిపిందె సైజులో ఓ పిల్లని పుట్టించి, ఆ పేరే పెట్టింది. గుర్తుగా బల్ల మీద చిన్న జీడిపప్పు ముక్క పెట్టేది. దాన్ని రెండుసార్లు చీమలు ఎత్తుకుపోయాయి. ఒకసారి నేనే కథ చెబుతూ పరధ్యానంగా నోట్లో వేసుకున్నాను. "ఓలమ్మో, మావ పిందెని తినేసినాడు!" అని అది నవ్విన నవ్వుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు.

ఆటలో రెండో మనిషి మా బావ, అంటే ఆ పిల్ల తండ్రి. ఉద్దానంలో నాలుగెకరాల కొబ్బరితోటా, కాస్త జీడితోటా ఉన్న రైతు. కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఈ మాట చెబితే ఎవరూ ఎలా వచ్చిందని అడగరు, వారానికి ఎన్నిసార్లు అని అడుగుతారు. బావకి మూడుసార్లు. ఆటోలో పలాస వచ్చి, డయాలసిస్ చేయించుకుని, మా ముందుగదిలో మంచం మీద వాలి, ఎండ చల్లబడ్డాక ఊరెళ్ళేవాడు. వేసవి సెలవులు కనుక కూతురూ వెంట వచ్చేది. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు కొలత పెట్టాడు. మా అక్క ఒక సీసా మీద గీతలు గీసి, గీత ప్రకారం పోసేది. మరీ నాలుక పిడచకట్టుకుపోతే ఒక ఐసుముక్క చప్పరించమనేది. కొబ్బరినీళ్ళు అసలే కూడవు. అంత తోట ఉన్న మనిషి, వీధిలో బొండాల బండి కేక వినబడితే మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

ఆటలో మాత్రం ఆయన కొబ్బరికత్తి పట్టిన వీరుడు. ఆ వీరుడి పని ఏమిటయ్యా అంటే తాగడం. రాక్షసుడు ఊళ్ళోకొచ్చాడని చెబితే, "సర్లే గానీ, ముందు ఓ బొండాం కొట్టించు మాస్టారూ" అనేవాడు. అడవి దారి పడితే వాగు దగ్గర ఆగి దోసిళ్ళతో తాగేవాడు. బావి కనబడితే చేద వేసేవాడు. "సల్లగున్నాయి నీల్లు. పిందమ్మా, నువ్వూ రెండు సుక్కలు తాగు" అని కూతురికీ పోసేవాడు. మంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని, గొంతులో గుటక వేస్తూ చెప్పేవాడు. నాకు మాత్రం చిరాకేసేది. నేను పది పేజీల కథ రాసుకొచ్చి కూర్చుంటే ఈయన బావి దగ్గరే గంట గడిపేస్తాడు. సిలబస్ పూర్తి కాని మాస్టారి బాధ మాస్టారికే తెలుస్తుంది.

నా పది పేజీల్లో అసలు ఘట్టం ఎలుగుబంటి. జీడిపళ్ళ కాలంలో తోటల్లోకి ఎలుగులు రావడం ఉద్దానంలో పసిపిల్లలకి కూడా తెలుసు కనుక, పుస్తకంలోని రాక్షసుల్ని వదిలేసి ఏనుగంత ఎలుగుని సృష్టించాను. తీరా చూస్తే పిందె దాని ముందు నిలబడే బాపతు కాదు. ఒక్క పంజా దెబ్బకి సరి. దాంతో ఆట ముందురోజు, ఆ రెండ్రోజులూ మా ఇంట్లోనే ఉండిపోయిన పిల్లని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. "చిన్నగా ఉండడం లోపం కాదమ్మా, దాన్నే వాడుకోవాలి. బలం ఎందుకు, తీసేయ్. ఆ అంకెలన్నీ చురుకులో వెయ్యి. దగ్గరికి పోకు, గాల్లో ఉండి కొట్టు, కొట్టి మీ నాన్న తలపాగాలో దాక్కో. నిన్ను చూస్తేనే కదా అది కొట్టేది!" పిల్ల తలూపుతూ అన్నీ మార్చుకుంది. మంత్రాల దగ్గరికొచ్చేసరికి ఆగింది. దానికి మూడే మంత్రాలు రావచ్చు. పిట్టలతో మాట్లాడటం, మిణుగురులా వెలగటం, ఖాళీ చెంబుని నీళ్ళతో నింపటం అని రాసుకుంది. "చెంబెడు నీళ్ళు ఎలుగుబంటి మొహాన కొడతావేటి?" అని నవ్వి, ఎర్రపెన్నుతో ఆ మూడోది కొట్టేశాను. దాని జాగాలో 'ముల్లుబాణం' అని రాశాను. "అది ఉండనీ మావా, పిట్టలది తీసెయ్" అంది మెల్లగా. "పిట్టలు కాపలా కాస్తాయి, నీళ్ళు ఏం చేస్తాయి? నా మాట విను" అన్నాను. వింది. మాస్టార్ల మాట పిల్లలు వినేస్తారు, అదే గొడవ.

అక్కడితో ఆగినా బాగుండేది. బావ తోవలో నీళ్ళ కోసం ఆగిపోకుండా ఉండాలని కథలో కరువు పెట్టాను. ఏం తెలివి! మర్నాడు మధ్యాహ్నం, బయట రోళ్ళు పగిలే ఎండ, బావ మిషన్ మీంచి లేచొచ్చి అరగంట కాలేదు. "బావుల్లో నీళ్ళు లేవు. వాగు ఎండిపోయింది. కొబ్బరిచెట్లు మోడులైపోయాయి" అని చదివాను. బావ కళ్ళు తెరిచాడు. "ఒక్క బొండామైనా నేదా?" అన్నాడు. లేదన్నాను. నవ్వు మొహంతో కూతురివైపు తిరిగి, "మరేటి బయం, మా పిందమ్మకి మంత్రమొచ్చు. ఓ సెంబుడు నీల్లు పొయ్యి తల్లీ" అన్నాడు.

పిల్ల కాగితం చూసింది. నన్ను చూసింది. "నేదు నాన్నా. కొట్టీసినాం" అంది. మావ కొట్టేశాడని అనలేదు. బావ నాలుకతో పెదాలు తడుపుకుని, "పోన్లే, దెబ్బలాటకి నీల్లెందుకు. ఎలుగుని రానీ" అన్నాడు. నేను ఎలుగుని తెచ్చాను. పిందె నేను చెప్పింది చెప్పినట్టు గాల్లో తేలుతూ, తలపాగాలో నక్కుతూ, మూడు ముల్లుబాణాలతో దాన్ని పడగొట్టింది. నేను చప్పట్లు కొట్టాను. ఆ గదిలో నేనొక్కణ్ణే కొట్టాను.

కథ నడిపేవాణ్ణి నేను. "వాన పడింది" అని ఒక్క మాట అంటే అన్ని బావులూ నిండేవి. సీసా మీద గీతలు జరపడం అక్క చేతిలో కూడా లేదు, ఈ బావులు మాత్రం అచ్చంగా నా నోట్లో ఉన్నాయి. ఆ మాట నాకు తట్టలేదు. ఆ తరవాత మరో నాలుగైదుసార్లు ఆడాం. బావ ఒక్కసారీ నీళ్ళడగలేదు. చెప్పిన చోటికల్లా వీరుణ్ణి నడిపించాడు. హమ్మయ్య, బావ దారిలో పడ్డాడు అనుకున్నాను. వానాకాలం దాటకుండానే ఆయన పోయాడు.

పెద్దకర్మ అయ్యాక ఆట పుస్తకం సర్దుతుంటే పిందె కాగితం బయటపడింది. ప్రతి మంత్రం పక్కనా రోజుకి ఎన్నిసార్లు వాడొచ్చో రాయాలి. పిట్టలకి ఒకసారి, మిణుగురుకి ఒకసారి. నా ఎర్రగీత కింద, నీళ్ళ మంత్రం పక్కన, ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో 'ఎన్నిసార్లయినా' అని రాసుకుంది. కొట్టేసిన రోజు అది చదవనైనా చదవలేదు. తప్పు దిద్దేటప్పుడు పిల్లలు ఏం రాశారో పూర్తిగా చదవాలని కొత్త టీచర్లకి చెప్పేవాణ్ణి నేనే. ఆ సిగ్గుతోనే దాచేశాను.

మొన్న ఫోన్ పెట్టేశాక ఇక ఆగలేకపోయాను. ఫైల్లోంచి కాగితం తీసి టెక్కలి బస్సెక్కాను. హాస్టల్ గేటు దగ్గర దాని చేతిలో పెట్టాను. "ఇది నీకాడే ఉన్నాదా మావా?" అంది. "నా దగ్గరే ఉందమ్మా. పోలేదు. నేనే దాచాను" అన్నాను. ఎర్రగీత మీద వేలు పెట్టింది. "ఆ రోజు ఆటోలో నాన్న నాతో ఓ మాటన్నాడు" అంది. "నీల్లనీ బొండాలనీ విసిగిత్తన్నానని మీ మావకి కోపమొచ్చినట్టున్నాది, ఇంక ఆటలో అడగనులే అన్నాడు."

"తప్పయిపోయిందమ్మా" అన్నాను. అది నా జేబులోంచి పెన్ను తీసుకుని, కొట్టేసిన వరస కింద ఆ మంత్రాన్ని మళ్ళీ రాసుకుంది, పక్కనున్న మాటతో సహా. "ఎండలో వచ్చినావు, నీల్లు తాగు మావా" అని తన సీసా ఇచ్చింది. మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టేశాను. ఆరేళ్ళు గడిచినా ఆ కరువు మధ్యాహ్నం నాలో అలాగే ఉంది. వాన పడిందనడానికి ఇప్పుడు నాకు నోరొచ్చింది గానీ, ఆ మాట చెప్పే వంతు మాత్రం మళ్ళీ రాదు.