వదిన చేతిలో ఐదో పువ్వు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా కోరుట్ల వదిన కొత్తవాళ్లెవరు కనబడ్డా ముందు "మనోళ్లేనా?" అని అడిగేది. కాదంటే మంచినీళ్లు కూడా ఆలోచించి ఇచ్చేది.

2011లో తెలంగాణ సభకని హైదరాబాదు పోయినప్పుడు, ఇద్దరం సికింద్రాబాదులో అమరులైన సైనికుల స్మారక రాళ్లు చూడటానికి పోయాం. వదిన ఐదు బంతిపూలు తెచ్చింది. మన తెలంగాణ జిల్లాల జవాన్లకే పెడతానని ముందే చెప్పింది. రాళ్ల మీద ఊర్ల పేర్లు చదివి చెప్పడం నా పని. నాలుగు పూలు ఆమె అనుకున్నట్టే పోయాయి.

"గీయనది ఏ ఊరు?"

"గుంటూరు, వదినా."

చాచిన చేయి వెనక్కి తీసుకుంది. "ఎన్నేండ్లు?" అంది.

"ఇరవై రెండు."

వదిన ఆ రాయితోనే మాట్లాడింది. "సూడు కొడుకా, మా రాష్ట్రం మాకు గావాలె. గా మాటల బేరం లేదు. గని నువ్వు అందరికీ కాపలా కాసినవు."

పువ్వు పెట్టి దండం పెట్టింది. తెలుగు రాని కాపలా జవాను అది చూసి సెల్యూటు కొట్టాడు. వదిన కూడా తిరిగి కొట్టింది. గుడి అనుకుని గేటు దగ్గరే విప్పి, పోతాయేమోనని పట్టుకున్న చెప్పులు ఆ సెల్యూటు కొట్టిన చేతిలోనే ఉన్నాయి.

చెప్పులు దించమని దిద్దాలనుకున్నాను గాని, గర్వంగా ఆమె పక్కన నిలబడి నేనూ సెల్యూటు కొట్టాను.