కొసరుగా వచ్చిన క్లచ్ ప్లేటు

మా ఇంట్లో ఏ బేరమూ కొసరు లేకుండా తెగదు. కరీంనగర్ బజారులో మాది గిన్నెల కొట్టు. బిందె కొన్నవాళ్ళకు ఒక గరిటె, గంగాళం కొన్నవాళ్ళకు ఒక చెంబు చేతిలో పెట్టి పంపడం తాతనాటి నుంచీ పద్ధతి. ఆ గల్లాపెట్టె పక్కన పెరిగాను కాబట్టి రెండు సంగతులు ఒంటికి పట్టాయి. సరుకు విలువ తూకంలో ఉంటుందనేది ఒకటి. కొనేటప్పుడు ధర తగ్గకపోయినా ఫరవాలేదు గాని, అదనంగా ఏదో ఒకటి సంచిలో పడాలనేది రెండోది. వేములవాడలో కొబ్బరికాయ కొన్నా రెండు అగరుబత్తీలు అడిగి పుచ్చుకుంటాను. లోపలికి పోయాక దేవుడి దగ్గరా అంతే. మొక్కు ఒకటి, కోరికలు రెండు.

ఇలాంటివాడు స్పోర్ట్స్ కారు కొన్నాడంటే ఊళ్ళో చాలామంది నమ్మలేదు. పాతదే. ఎర్రది, నేలకు ఆనినట్టుండేది. మా నాన్న, మేం బాపు అంటాం, దాని చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ ఎత్తి చూసి, మళ్ళీ మూసి, "రెండే సీట్లు. ఎనుక ఒక్క వంట గంజు గూడ పట్టదు. గిదేం బండిరా?" అని కొట్టులోకి వెళ్ళిపోయాడు. నేనేం చెప్పను? చిన్నప్పటి నుంచి కొట్టు గుమ్మంలో నిలబడి రోడ్డు మీద పోయే బండ్లను చూసిన కళ్ళు. వాటిలో ఒక్కటైనా నా గుమ్మం ముందు ఆగాలని అనుకున్నాను, ఆగింది.

కానీ కదలాల్సిన చోట కూడా ఆగింది. నా భార్య పుట్టిల్లు ఆదిలాబాద్. కారు కొన్నాక మొదటిసారి అక్కడికి పోతున్నాం. నిర్మల్ దాటి పాత ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజను గొంతు చించుకుంటోంది గాని కారు ముందుకు పోవడం లేదు. మా చుట్టాల్లో కూడా ఇలాంటివాళ్ళు ఉన్నారు కాబట్టి మొదట కంగారు పడలేదు. తర్వాత మాడు వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు అరిగిపోయి, జారి, కాలిపోయింది. కారును లారీకి కట్టించి నేను వెనక్కి, ఆమె బస్సెక్కి ముందుకు.

ఆమె సంగతి ఒక మాట చెప్పాలి. మా కొట్టు సరుకు వ్యాను నడిపేది ఆమే. సందుగొందుల్లో వెనక్కి తిప్పడంలో ఆమెకున్న చెయ్యి నాకు లేదు. ఆదిలాబాద్ నుంచి తిరిగొచ్చాక కోపం చేయలేదు. అదే నాకు భయం.

"బాగ చేయించుండ్రి," అంది. "మా తమ్ముని గృహప్రవేశం ఉన్నది గద. ఆదిలాబాద్ దాక నేనే నడుపుత. గా ఘాట్ల ఒక్కసారి ఇంజన్ బందయిందంటే తాళంచెవి బండ్లు అమ్మిపెట్టే బ్రోకర్ చేతుల పెట్టాలె. గిండ్ల బేరం లేదు."

బేరం లేదన్న మాట మా ఇంట్లో అదే మొదటిసారి వినడం.

కారు పోనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను. ఉన్నదాన్ని మళ్ళీ అలాగే వేయించడం కాదు, ఇంకా మేలైనది వేయించాలని హైదరాబాద్‌లో ఇలాంటి కార్ల సామాన్లు అమ్మే దుకాణానికి పోయాను. అక్కడే ఫ్లైవీల్ గురించి తెలిసింది. అది ఇంజను వెనక తిరిగే ఇనుప చక్రం. ప్రెజర్ ప్లేటు వెనక నుంచి నొక్కితే క్లచ్ ప్లేటు ఆ చక్రాన్ని పట్టుకుని కారు కదులుతుంది, వదిలితే ఇంజను ఒంటరిగా తిరుగుతుంది. చక్రం తేలికైతే ఇంజను చటుక్కున వేగం అందుకుంటుందట. దుకాణదారు పాత రకాన్ని నా ఒక చేతిలో, తేలికదాన్ని రెండో చేతిలో పెట్టాడు. ధర విన్నాను. తేలికదానికే ఎక్కువ.

"ఇనుము తక్కువ, పైసలెక్కువా?"

"తీసేసిన ఇనుముకే సేటూ పైసలు."

ఇత్తడి తూచి అమ్మే కుటుంబంలో పుట్టినవాడికి ఈ మాట మింగుడు పడటానికి ఒక చాయ్ పట్టింది. ధర మీద గంట కూర్చున్నా అతను దిగలేదు. నేనూ లేవలేదు. చివరికి మా కులదైవం లాంటి మాట అన్నాను. "మరి కొసరు?"

అతను నిచ్చెన వేసుకుని పై అరలోంచి ఒక అట్టపెట్టె దించాడు. ఉఫ్‌మని దుమ్ము ఊదాడు. లోపల క్లచ్ ప్లేటు. చుట్టూ నిండుగా ఉండాల్సిన పట్టీకి బదులు రాగిరంగు ముక్కలు, పూరేకుల్లా విడివిడిగా. "రేసులోళ్ళు వాడేది. పట్టిందంటే ఇడిసేది లేదు. చక్రం, ప్రెజర్ ప్లేటు కొంటున్నరు గద, ఇది ఊకెనే తీస్కపోండ్రి."

ఆ దుమ్ము చూసైనా నాకు బుద్ధి రావలసింది. మా కొట్టులో కొసరు గరిటెలు ఎక్కడుంటాయి? పై అరలోనే. కాడ వంకరపోయినవి, ఎవరూ కొననివి. జీవితమంతా అలాంటివి జనానికి అంటగట్టినవాడిని, నాకు అంటగడుతుంటే మురిసిపోయి ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాను.

మా ఊళ్ళో బైపాస్ రోడ్డు మీది మెకానిక్ షెడ్డు ఉస్తాద్‌కు తన మీద తనకు గౌరవం ఎక్కువ. లారీలకు, బస్సులకు, చెప్తే పెళ్ళి గుర్రానికి కూడా క్లచ్ వేస్తానంటాడు. అంతటివాడు కూడా ప్లేటును తిప్పి తిప్పి చూశాడు.

"సేటూ, నడుమ స్ప్రింగుల్లేవు. రోడ్డు మీద తంతది."

"తన్నని. పట్టు ముఖ్యం."

"మంచిది. తన్నులు తినేది మీరే గద."

వేశాడు. కారు బయటికి తీస్తూ క్లచ్ మీది కాలు అలా సడలించానో లేదో, తాడు తెంపుకున్న కోడెలా దూకి చచ్చినట్టు ఆగింది. రెండోసారీ అంతే. ఇంజను మోగుతున్నంతసేపూ గేర్‌బాక్సులో గులకరాళ్ళు ఆడినట్టు చప్పుడు. అలవాటవుతుందని సర్ది చెప్పుకున్నాను.

ఘాట్ కన్నా ముందు చూద్దామని ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బజారు నడిమి టవర్ సర్కిల్‌కు తీసుకుపోయింది. కూరగాయల బండ్లు, ఆటోలు, అడుగుకొకసారి ఆగడం, అడుగుకొకసారి కదలడం. ఆగిన ప్రతిసారీ ఇంజను బంద్. వెనక హారన్లు. ఒక ఆటో అతను తల బయటపెట్టి, "అక్కా, నూకాల్నా?" అన్నాడు.

"నూకుడు గాదే అన్నా, అమ్ముడే," అంది ఆమె.

ఇంటికొచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టి మంచినీళ్ళు తాగింది. "గీ కారుకు రెండే మాటలొస్తయి. పట్టుకునుడు, ఇడిసిపెట్టుడు. నడుమల 'జర' అన్న మాట తెల్వదు. 'జర' లేకుంట బజార్ల బండి నడుస్తదా? మీ కొట్టు నడుస్తదా?"

సగం పట్టి సగం వదిలే ఆ 'కొంచెం'నే డ్రైవర్లు హాఫ్ క్లచ్ అంటారు. ఆ ప్లేటులో లేనిది సరిగ్గా అదే.

గృహప్రవేశం ముహూర్తం నా కోసం ఆగదు. కారు పోగొట్టుకునే ఉద్దేశం నాకూ లేదు. మర్నాడే ఉస్తాద్‌తో మొత్తం విప్పించి, ఫ్లైవీల్‌నూ ప్లేటునూ గోనెసంచిలో కట్టుకుని మళ్ళీ హైదరాబాద్ పోయాను. దుకాణదారు గీతలు పడినందుకు కొంత కోసుకుని ఫ్లైవీల్ మార్చడానికి ఒప్పుకున్నాడు. రాగి ప్లేటు ముందుకు జరిపితే మాత్రం వేలితో వెనక్కి నెట్టాడు.

"అమ్మిన సరుకు మారుస్త సేటూ. కొసరు వాపస్ తీసుకునే దుకాణం ఏడనన్న ఉంటదా?"

ఉండదు. మా కొట్టూ తీసుకోదు. అప్పుడు నా నోట ఎన్నడూ రాని ప్రశ్న వచ్చింది. "నీ ఇంటామె ఘాట్ల నడిపే బండైతే ఏమేస్తవు?"

అతను నా ముఖం చూసి, కౌంటరు కింది అరలోంచి తీశాడు. నడుమ స్ప్రింగులున్న ప్లేటు, చుట్టూ నిండు పట్టీ. ప్రెజర్ ప్లేటు ఉన్నదే సరిపోతుందన్నాడు. ఫ్లైవీల్ నడిమి తూకంది ఇచ్చాడు, కారుతో వచ్చినదానికన్నా తేలిక, నేను మొదట కొన్నదానికన్నా బరువు. "ఇంజన్ జల్దీ లేస్తది, ఊర్లె ఊకె బందుగాదు." డబ్బులందుకుని, అలవాటైన నవ్వుతో, "కొసరేమన్న చూడాల్నా?" అన్నాడు. నా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. "వద్దు." ఆ మాట బయటికి రావడానికి పెద్ద ఘాటే ఎక్కాల్సి వచ్చింది.

ఇంటికి తెచ్చిన చక్రాన్ని బాపు కొట్టు కాంటా మీద పెట్టి చూశాడు. "గిది జర ఇనుము లెక్క ఉన్నది," అన్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు లేదు.

ఉస్తాద్ ఈసారి కొత్త బోల్టులతో బిగించాడు. చక్రం ముఖం మీద నూనె చుక్క లేకుండా తుడిచాక నన్ను దగ్గరికి రానివ్వలేదు. "పెండ్లిపిల్ల మొఖం, ముట్టద్దు. మీ చేతి జిడ్డు అంటినా ప్లేటు జారుతది." ఇంకో షరతు కూడా పెట్టాడు. కొత్త ప్లేటు చక్రంతో కలిసిపోయేదాకా ఊళ్ళోనే నెమ్మదిగా ఆపుతూ కదుపుతూ తిప్పాలి. ఉరికిస్తే మాడిపోతుంది.

నెమ్మదిగా ఊరు తిరిగే పని మా కొట్టుకు ఎప్పుడూ ఉంటుంది. ఆమె వ్యాను పక్కన పెట్టి కారులో సరుకు వేయడం మొదలుపెట్టింది. డిక్కీలో పట్టవు కాబట్టి గంజులు నా ఒళ్ళో. ఊళ్ళో ఒక పెళ్ళివారింటి ముందు ఆగితే అక్కడి పెద్దమనిషి, "ఏం సేటూ, గంజులకు రేసు పెట్టినవా?" అన్నాడు. "పెట్టిన. నేనే ఓడిపోయిన," అన్నాను. నవ్వితే నవ్వారు. రోజురోజుకూ ఆమె కాలు కింద క్లచ్ మెత్తబడుతోంది. నాకు కావలసింది అదే.

గృహప్రవేశానికి బయల్దేరాం. జగిత్యాల, నిర్మల్, ఆ తర్వాత ఘాట్. సగం ఎక్కామో లేదో, మలుపులో దూది బేళ్ళ లారీ ఒకటి గేరు పడక నిలబడిపోయింది. మా ముందు దాని వెనక చక్రాలు, మా వెనక బస్సు. ఏటవాలు మీద ఆమె కారు ఆపింది. నా ఎడమ కాలు లేని క్లచ్‌ను నేలకేసి తొక్కుతోంది.

"మీ కాలు తియ్యుండ్రి. కారుకు బొక్క పడ్తది," అంది ముందుకే చూస్తూ.

లారీ కదిలింది. ఆమె హ్యాండ్‌బ్రేకు పట్టుకునే క్లచ్ కాస్త వదిలింది. కారు ముక్కు రవ్వంత పైకి లేచి, ఒక్కసారి వణికింది. ఆ వణుకులో నాకు బ్రోకర్ ముఖం కనపడింది. ఆమె అక్కడే కాలు ఆపి, ఒక క్షణం పట్టి ఉంచి, బ్రేకు వదిలింది. కారు వెనక్కి జానెడు కూడా జారకుండా లారీ వెంట మెల్లగా ఎక్కింది. మలుపు దాటాక ఆమె లారీని దాటి కారును సాగనిచ్చింది. ఇంజను చటుక్కున అందుకుంది. అంత హాయిగా అది నా కాలి కింద ఎప్పుడూ పోలేదు.

ఆదిలాబాద్‌లో కొత్త ఇంటి ముందు దిగాక చెయ్యి చాపాను. "బంద్ కాలే. తాళంచెవి ఇయ్యి మరి."

"కారు ఉంటది," అంది. "ఒప్పుకున్న మాట ఒప్పుకున్నదే. కొసరేది?"

"ఏం కొసరు?"

"వాపస్ గూడ నేనే నడుపుత. గా కొట్టు వ్యాను ఇగ మీరు నడుపుండ్రి."

కొసరు అడిగినవాళ్ళను ఉత్త చేతులతో పంపకపోవడం మా తాతనాటి పద్ధతి. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.