జోసెఫ్ తాతకి ఊరు పెట్టిన ఇంటిపేరు

కోవిడ్ తర్వాత లైబ్రరీలు మళ్ళీ తలుపులు తెరిచిన ఏడాది అది. మిషిగన్‌లో ట్రాయ్‌కి కాస్త దూరంగా, ఒక చిన్న ఊరి లైబ్రరీలో జీనియాలజీ డెస్క్ నాది. జీనియాలజీ అంటే వంశవృక్షాలు వెతికే పని. బాపట్ల నుంచి వచ్చి, ఎప్పుడో కెనడా నుంచి ఇక్కడికి చేరిన ఫ్రెంచి రైతుల తాతముత్తాతల్ని వెతికిపెడుతూ బతుకుతానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే పడీపడీ నవ్వేదాన్ని.

ఒక ఉదయం డోరతీ మోరో వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఫోన్లో పక్కపక్కనే ఉన్న రెండు సమాధి రాళ్ళు చూపించింది. ఒకదాని మీద జోసెఫ్ మోరో, ఆమె తాత. రెండోదాని మీద మరీ గాన్యే, నాయనమ్మ.

"ఇంటిపేర్లు వేరు చూశావా? మా నాన్న పిల్లాడిగా ఉన్నప్పుడే ఇద్దరూ పోయారు. వాళ్ళకి అసలు పెళ్ళే కాలేదని ఆయన్ని బడిలో ఏడిపించేవాళ్ళట. ఆయన బతికినన్నాళ్ళూ ఆ సమాధుల వైపు వెళ్ళలేదు. ఇప్పుడు మా అన్న నార్మన్‌దీ అదే పాట. తొంభై దాటాయి, ఒంట్లో బాగాలేదు. అక్కడ మా ఇద్దరికీ చోటుంది. తనని మాత్రం వాళ్ళ పక్కన పెట్టొద్దంటాడు. నేనొక చోట, వాడొక చోటా?" అంది.

నాకు పాపం అనిపించింది. ఆ ఫ్రెంచి పల్లెల్లో పెళ్ళయినా ఆడవాళ్ళకి పుట్టింటి పేరే చర్చి రికార్డుల్లో ఉండేది, చాలాసార్లు రాయి మీద కూడా. ఆ మాటే చెప్పాను. సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరు మీదే ఉన్నాయని నేనూ పాస్‌పోర్టులో మార్చుకోలేదనీ, "ఈయన మీ భర్తేనా?" అని బ్యాంకువాళ్ళు ఇప్పటికీ అడుగుతారనీ చెబితే డోరతీ నవ్వింది. నార్మన్ మాత్రం ఫోన్లో ఒకటే మాట.

"కబుర్లొద్దు. పెళ్ళి రికార్డు చూపించు."

చూపిద్దామంటే దొరికితేగా! పారిష్ రిజిస్టర్లు, అంటే బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు ఫాదర్లు రాసిపెట్టే పుస్తకాలు, మైక్రోఫిల్మ్ మీద తిప్పి తిప్పి కళ్ళు లాగేశాయి. అక్కడ మగపిల్లాడు పుడితే జోసెఫ్ అని, ఆడపిల్ల పుడితే మరీ అని ముందు పెట్టేసేవాళ్ళు. పిలిచే పేరు ఆ తర్వాత. మరీ గాన్యేలైతే కుప్పలు! తాత బాప్తిస్మం తల్లిదండ్రుల పేర్లతో సహా దొరికింది కానీ, మరీ గాన్యేని చేసుకున్న మోరో ఒక్కడూ లేడు.

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో భోజనాల దగ్గర కొత్తగా వచ్చినాయన ఒకరు పలకరించారు. మా పక్క ఊరే. నా ఇంటిపేరు విని, "ఆ ఇంటిపేరు ఊరంతా ఉందిగా అమ్మా! మీరెవరి తాలూకు?" అన్నారు.

"మిల్లోళ్ళమండీ."

"అలా చెప్పు మరి! మిల్లు తాతగారి మనవరాలివా!"

ఆ రైసు మిల్లు నేను పుట్టకముందే మూసేశారు. పేరు మాత్రం మమ్మల్ని వదల్లేదు.

చేతిలో గరిట ఆగిపోయింది. ఫ్రెంచి రైతులదీ ఇదే అలవాటు. ఒకే ఇంటిపేరువాళ్ళు ఎక్కువైతే గుర్తుకి ఇంకోటి తగిలించేవాళ్ళు. మా పనిలో దాన్ని డిట్ నేమ్ అంటాం. మోరోలకి పుస్తకాల్లో ఉన్న అలాంటి పేర్లన్నిటితో అప్పటికే వెతికేశాను. ఇక ఊరివాళ్ళ నోట్లో ఏముండేదో తెలియాలి.

మర్నాడే డోరతీతో కలిసి నార్మన్ దగ్గరికి వెళ్ళాను. మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

"మీ పొలాన్ని చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఏమనేవాళ్ళండీ?"

"లాప్లాంట్ పొలం. మాకు ముందు ఎవరో లాప్లాంట్‌లు అమ్ముకుని పోయారట. నాన్న చెప్పేవాడు."

"ఆ లాప్లాంట్‌లని చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"అబ్బే, ఎవరూ..." అంటూ ఆగిపోయాడు. చెల్లెలి మొహంలోకి చూశాడు.

లాప్లాంట్ పేరుతో వెతికితే ఆ సాయంత్రమే దొరికింది. జోసెఫ్ లాప్లాంట్, మరీ గాన్యే, చర్చిలో పెళ్ళి. వరుడి తల్లిదండ్రులు మన జోసెఫ్ తల్లిదండ్రులే. అమ్మిందీ లేదు, పోయిందీ లేదు. లాప్లాంట్‌లూ వాళ్ళే, మోరోలూ వాళ్ళే. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

కాపీ తీసుకెళ్ళి ఇస్తే నార్మన్ రెండుసార్లు చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "నాయనమ్మ పక్కన చోటు నాది. నువ్వు నా ఇవతల," అన్నాడు చెల్లెలితో.

"చిన్నప్పటినుంచీ ఇంతే, మంచి చోటు వాడికే!" అని డోరతీ ఏడుస్తూనే నవ్వింది.

అప్పటినుంచి నా డెస్క్ దగ్గరికి ఎవరొచ్చినా రికార్డులు తియ్యకముందే అడుగుతాను, మీవాళ్ళని ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళని. సగం పని అక్కడే తేలిపోతుంది.

కాపీ ఇచ్చిన రోజు నేను లేచి వస్తుంటే నార్మన్ పిలిచాడు. "నీదీ మీ ఆయనదీ పేర్లు వేరట కదా. పెళ్ళయిందా?"

"ఇరవై ఏళ్ళు దాటిందండీ!"

"అయితే ఆ కాగితం ఇప్పుడే పిల్లలకి చూపించమ్మా. మా నాన్నకి ఎవరూ చూపించలేదు."

ఇంటికి రాగానే బీరువాలోంచి మా మ్యారేజ్ సర్టిఫికెట్ తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాను.

"ఓకే మమ్మీ... బట్ వై?" అంది.

పక్కన కూర్చోబెట్టుకుని మిల్లు తాతగారి దగ్గర్నుంచి మొదలుపెట్టాను.