హల్వా తినని చిన్నాయన

"చిన్నాయన పోయిండు బిడ్డా" అని బాపు నల్గొండ దవాఖాన నుంచి ఫోన్ చేసి చెప్పాడు. ఆ తర్వాత చాలాసేపు దగ్గాడు. మగ్గం గుంటలో కూర్చుని దగ్గు తెచ్చుకున్నది ఆయన. ఢిల్లీలో కుర్చీ మీద కూర్చుని పనిచేసొచ్చిన తమ్ముడు ముందు పోయాడు.

చిన్నాయన ఉద్యోగం కేంద్ర ప్రభుత్వ బడ్జెట్ తయారయ్యే ఆఫీసులో. పెద్ద అధికారేం కాదు, అచ్చుకు పోయే పేజీల్లో తప్పులు దిద్దేవాడు. మా నేత వాడకట్టులో మాత్రం దేశం ఖజానా తాళంచెవులు ఆయన మొలతాడుకే ఉన్నాయన్నట్టు చూసేవారు. "మేం ఇచ్చేటోళ్లం గాదురా. అన్ని శాఖలు అడుగుతయి. ఉన్నదాంట్ల సర్ది కాయితం మీద పెడతం, గంతే" అని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు.

సెలవుకు వస్తే ఆ ఆఫీసు పాత కథలు చెప్పేవాడు. ఇంగ్లీషు దొరల కాలంలో బడ్జెట్ సాయంత్రం అయిదింటికి చదివేవారట, లండన్‌లో అప్పటికి పగలు కాబట్టి. దొరలు పోయాక కూడా ఏళ్ల తరబడి ఆ వేళను ఎవరూ మార్చలేదని నవ్వేవాడు. ఒకసారి కాగితాలు బయటికి పొక్కితే అచ్చుపనిని రాష్ట్రపతి భవనం నుంచి తరలించారట. ఇప్పటికీ అచ్చుకు ముందు పెద్ద కడాయిలో హల్వా చేసి అందరికీ పెట్టి, పనివాళ్లను లోపలే ఉంచుతారు. మంత్రి సభలో చదివేదాకా ఇంటికి ఫోన్ కూడా ఉండదు. పెళ్లి బంతిలో హల్వా వడ్డిస్తే చిన్నాయన పక్కవాళ్ల విస్తట్లోకి నెట్టేసేవాడు. "హల్వ చూస్తే నాకు తాళం యాదికొస్తది" అనేవాడు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, అలా లోపలున్నప్పుడే, నేతగాళ్ల దవాఖాన ఖర్చులకు పెట్టిన పద్దు ఆయన చేతిలోని పేజీలో కనబడలేదు. అచ్చుతప్పేమో అనుకుని పై అధికారిని అడిగాడట. తప్పు కాదు, ఎత్తేశారు. ఎవరికీ చెప్పే వీల్లేదు. చెప్పినా ఆగేది కాదు.

ఊరికొచ్చినప్పుడు బాపు అడిగాడు. "నీ కండ్ల ముందర్నే పోయిందా తమ్మీ?"

"పోయిందన్నా. ఆ పేజీల ఒక్క తప్పు లేదు."

బాపు దగ్గు ముదిరింది. మగ్గం కొయ్యలు వంటచెరకు ధరకు పోయాయి. ఇంటింటా అదే కథ. నేసిన చేతులు హైదరాబాదులో వాచ్‌మన్ పనులకు పోయాయి. చిన్నాయన రిటైరై నల్గొండలో కిరాయింట్లో దిగి, ఆ పద్దు మళ్లీ పెట్టమని ఏటా అర్జీ రాసేవాడు. ఒక్కసారి జవాబొచ్చింది, మీ వినతిని సంబంధిత శాఖకు పంపామని. "గీ వాక్యం నేనే మస్తుసార్లు దిద్దిన" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మొన్నటి బడ్జెట్‌ను దవాఖాన మంచం మీద నా ఫోన్లో చివరిదాకా విన్నాడు. "నేతోళ్ల దవాఖాన ముచ్చట వచ్చిందా?" అన్నాడు. రాలేదన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకూ ఇక ఆశ లేదు.

మా వాడకట్టులో ఎవరు పోయినా అక్కడే నేసిన కొత్త బట్ట కప్పి సాగనంపుతారు. ఏ మగ్గం మీద ఎంత నేసి ఉంటే అంత కోసి ఇస్తారు, ఎవరూ కాదనరు. చిన్నాయనను ఊరికి తెచ్చిన పొద్దున బాపు ఇంటింటికీ తిరిగి వచ్చాడు. ఎక్కడా మగ్గం లేదు. చివరికి బస్టాండు దగ్గర దుకాణంలో మిల్లు బట్ట తెచ్చాం. బాపు దాని అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు. దాన్ని తమ్ముడి మొహం మీదికి లాగాడు.