రెండు లారీలకు ఒక్క కుంపటి

మా చిన్నాన్న పోయాడన్న కబురు సైబర్‌జయలో మా అబ్బాయి ఇంట్లో ఉండగా వచ్చింది. ఫోనులో పిన్ని ఏడవలేదు. "మీ సిన్నాన్న ఎల్లిపోనాడే. కార్లో లైటు ఎలుగుతానే ఉన్నాది, ఆర్పాలా వొద్దా?" అని అడిగింది. వాళ్ళకు పిల్లల్లేరు, ఏదైనా నన్నే అడుగుతుంది. నేను వచ్చేదాకా అలాగే ఉంచమన్నాను.

మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో ఆయన్ని ఎరిగినవాళ్ళకు ఆ లైటు సంగతి తెలుసు. ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. పొద్దుగూకగానే చిన్నాన్న తన పాత కారు బానెట్ ఎత్తి, ఇంజను పక్కన ఒక బల్బు వేలాడదీసి మూసేసేవాడు. ఇంజనుకు చలి పట్టకూడదట! ఫ్యాను లేనిదే కునుకు పట్టని ఊరు మాది. బల్బుకు ముందు లాంతరు ఉండేది, లాంతరుకు ముందు బొగ్గుల కుంపటి. వీధి పిల్లలు "దీపం తాత" అనేవారు. ఆయన నవ్వేవాడే గానీ బల్బు మానలేదు. "ఇంజనుకి అక్కర్లేదని నువ్వు సెప్పకమ్మా. దాన్నే సెప్పనీ" అనేవాడు. నేను చాలాకాలం అది ఉత్త చాదస్తం అనుకున్నాను.

ఆ కుంపటి కథ కొండమీద మొదలైంది. తెల్లదొరల ప్రభుత్వం ఇక్కడి కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన రోజులవి. కామెరాన్ హైలాండ్స్‌లో ఒక టీ తోటలో మా నాన్నా, ఆయన తమ్ముడైన ఈ చిన్నాన్నా లారీలు తోలేవారు. రెండూ యుద్ధంలో వాడి వదిలేసిన డీజిల్ లారీలే. అడవిలో తుపాకులు పట్టినవాళ్ళు, రోడ్డు మీద తుపాకులు పట్టినవాళ్ళు, మధ్యలో మనవాళ్ళు. ఒంటరి బండిని కిందికి దిగనిచ్చేవారు కాదు. తెల్లవారగానే సిపాయిల ఇనప బండి ముందు నడిస్తే దాని వెనక లారీలన్నీ వరసగా దిగాలి. స్టార్టు కాక ఇంజను అంటుకోని లారీ ఆ పూటకు గేటులోపలే.

తెల్లవారుజామున కొండమీది చలికి ఇంజన్లో ఆయిలు నెయ్యిలా పేరుకునేది. అందుకని కింద బొగ్గుల కుంపటి పెట్టి, కాస్త వెచ్చబడ్డాక హ్యాండిలు తిప్పేవారు. ఇంట్లో ఉన్నది ఒకటే కుంపటి. ముందు చిన్నాన్న లారీకి పెట్టేవారు, అది చలికి మహా మొండిది. తరవాత నాన్న లారీకి. పెళ్ళిళ్ళయినా అన్నదమ్ములు వేరు కుంపటి పెట్టలేదని తోటలో వాళ్ళు మెచ్చుకుంటే, మా అమ్మ "బొగ్గులు ఆదా కదా" అనేదట. నాకప్పటికి నడక వచ్చీ రాని వయసు. కొండమీది సంగతులన్నీ అమ్మ నోట విన్నవే.

ఒక రోజు కాన్వాయి వేళ కంటే ముందే బయల్దేరుతుందని కబురొచ్చింది. ఒక్క బండిని వెచ్చబెట్టుకునే వ్యవధే ఉంది. అమ్మ కుంపటి రాజేసి పట్టుకొచ్చింది. చిన్నాన్న తన లారీ బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "ఈయాల సలి లేదన్నా. నా బండికి అక్కర్లేదు, నువ్వెట్టుకో" అన్నాడు.

నాన్న లారీ ఇంజను అంటుకుంది. చిన్నాన్నది అంటుకోలేదు. "బేగి రారా" అని కిటికీలోంచి చెయ్యి ఊపి నాన్న వెళ్ళిపోయాడు.

కొండ దిగే మలుపులో ఎవరో కాపు కాసి కాల్చారు. లారీ బూడిదయింది. నాన్నను తెచ్చారు గానీ అమ్మను చూడనివ్వలేదు.

కర్మలు పూర్తికాకముందే పోలీసు దొర వచ్చాడు. ఆయన అడిగింది ఒకటే. ఈ దేశంలో ఇంజనుకు వేడి ఎందుకు? రెండు బళ్ళూ ఒకే రకం. చచ్చినవాడి బండి కదిలి, బతికినవాడి బండి ఎందుకు కదల్లేదు? అంటే మలుపులో కాపు కాస్తారని ఇతనికి ముందే తెలుసన్నమాట. అలా అనుమానం పడ్డవాణ్ణి విచారణ లేకుండా లోపల వేయవచ్చు, ఓడ ఎక్కించి కంటితో చూడని ఇండియాకు పంపేయవచ్చు. అలా వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఉన్నారు. చిన్నాన్న నోరు విప్పలేదు. అబద్ధమాడడం ఆయనకు పుట్టుకతో రాదు.

ఇక బండినే అడుగుదామన్నాడు దొర. ఆ రాత్రి లారీని కుంపటి లేకుండా ఆరుబయట ఉంచి కాపలా పెట్టారు. తెల్లవారాక ఒక సిపాయి వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. కుంపటి లేకుండానే ఇంజను అంటుకుందా, చిన్నాన్న పని అయిపోయినట్టే. తోట జనమంతా చేరారు. సిపాయి తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, చొక్కా విప్పేసి మళ్ళీ తిప్పాడు. ఇంజను పొగ కక్కి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. హమ్మయ్య అనుకునేలోగా ఉన్నట్టుండి అంటుకుని మోగసాగింది.

అప్పుడు మా అమ్మ ముందుకు వచ్చింది. గడప దాటకూడని రోజులవి ఆమెకు. "దొరా, ఇంతసేపు ఏ కాన్వాయి ఆగుతాది? ఈపాటికి మలుపు దాటేసుండును. మాకున్నది ఒకటే కుంపటి. ఎప్పుడూ పెద్దోడి బండికే ముందు ఎడతాం. ఆ రోజూ అలగే ఎట్టినాను, నా సేత్తోనే ఎట్టినాను" అంది. గుమాస్తా ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషే ఆ మాట అంటుంటే దొర ఇంకేమంటాడు? చిన్నాన్నను వదిలేశాడు.

ఎప్పుడూ పెద్దోడికే ముందు అన్నది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం మీదే మేమందరం బతికాం.

ఆ నెలలోనే చిన్నాన్న మమ్మల్ని తీసుకుని కొండ దిగిపోయాడు. హుటాన్ మెలింటాంగ్ రేవు నుంచి చేపల లారీ తోలి నన్ను చదివించాడు, పెళ్ళి చేశాడు. తండ్రి లేని పిల్లనన్న మాట నాకు ఏనాడూ గుర్తు రానివ్వలేదు. ఆయన రుణం తీరేది కాదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మెర్డెకా నాడు వీధి పిల్లలమంతా జెండాలు పట్టుకుని ఆయన లారీ ఎక్కి కూర్చున్నాం. ఆయనేమో చెమటలు కక్కుతూ ఇంజను కింద కుంపటి విసురుతున్నాడు. "ఇక్కడ సలి ఏటి లా!" అని, మాట చివర ఇక్కడి వాడుక 'లా' తగిలించి తోటి డ్రైవరు ఎగతాళి చేశాడు. మేం "మెర్డెకా" అని గొంతులు పోయేలా అరుస్తున్నాం. అమ్మ ఆ కుంపటి వంక ఒకసారి చూసి, మొహం తిప్పుకుంది. ఇది మాత్రం నా కళ్ళతో చూసిందే.

ఈ కథంతా అమ్మ తన చివరి రోజుల్లో నాకు చెప్పింది. మరి చిన్నాన్నకు నిజంగా ముందే తెలుసా అని అడిగాను.

"నాను అడగలేదు" అంది.

"ఎందుకు అడగలేదు?"

"అడిగితే సెప్పేస్తాడు. ఆడికి అబద్ధం రాదు."

నేనూ అడగలేదు. అన్నం కలిపి ముద్దలు పెట్టిన చెయ్యి అది, ఏమని అడగను? అన్న మీద ప్రేమతో నోరు జారిన ఒక్క మాటకు బతుకంతా కుమిలిపోయాడనే నా నమ్మకం. కానీ కొన్ని సాయంత్రాలు, చల్లటి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కదలకుండా నిలబడ్డ ఆయన్ని చూస్తే నాకు భయం వేసేది. లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

పదకొండో రోజు కార్యం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. పొద్దుగూకుతోంది. మా అబ్బాయి కారు దగ్గర నిలబడి, "ఇంక ఎవరూ డ్రైవ్ చెయ్యరు కదా అమ్మా. లైటు అక్కర్లేదు లా" అంటూ స్విచ్చి మీదికి చెయ్యి చాచాడు.

వంటింట్లోంచి పిన్ని పరుగున వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. "అక్కర్లేదనకురా. ఈ ఇంట్లో ఆ మాట ఒకసారి అన్నాం" అంది.

వాన మొదలైంది. మేం ముగ్గురం లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాం. బానెట్ సందుల్లోంచి పసుపు వెలుగు తడి నేల మీద పడుతోంది. దాని కింద ఇంజను వెచ్చగా ఉంది, ఎవరో వచ్చి హ్యాండిలు తిప్పుతారన్నట్టు.