మూడింటి బస్సు

మా పక్క క్వార్టర్ టీచరమ్మ మాట్లాడుతూనే చేతి గడియారం చూసుకునేది, ఆదివారాలు కూడా. బిలాస్‌పూర్ నుంచి రోజూ బస్సెక్కి మస్తూరీ దగ్గర పల్లెబడికి వెళ్లేది. "మా బడికీ, ఇక్కడి బడికీ సర్కారిచ్చే డబ్బు బరాబర్. బెంచీలు, కంప్యూటర్లు, ఏటి తక్కువ?" అనేది. ఆ మాట నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు.

మా పాపను బడిలో వెయ్యాల్సిన ఏడు అడిగేశాను. "మీ బడిలోనే వేస్తాను పిన్నీ. మీతోపాటే వస్తుంది."

ఆవిడ కంగారుపడింది. "అచ్ఛా, అక్కడేటి చదువమ్మా? బడి నాలుగింటిదాకా ఉన్నా, టీచర్లందరం మూడింటి బస్సుకే వచ్చేస్తాం. ఇక్కడే వేసీ."

"మరి ఆ ఊరి పిల్లలో?"

ఆవిడ విసుక్కుంది. "వాళ్లమ్మలెవరూ నీలాగ ఇన్ని అడగరు."